జీతం మాట ఎలా తెగుతుంది

2022 జనవరి 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగులకు 23.29 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. అంతకు కొద్ది వారాల ముందు ప్రధాన కార్యదర్శి కమిటీ సిఫారసు చేసింది 14.29 శాతమే. ముఖ్యమంత్రి దానికి 9 పాయింట్లు కలిపారు. పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచారు. కాగితం మీద చూస్తే సంఘాలు సంతోషించాల్సిన ప్రకటన ఇది. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 3న, విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు ఉద్యోగులతో నిండిపోయింది. అందరి నోటా ఒకటే మాట: రివర్స్ పీఆర్సీ, అంటే జీతం పెంచాల్సింది పోయి తగ్గించిన వేతన సవరణ.

కారణం ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు. 2019 జూలై నుంచి వాళ్ల చేతికి 27 శాతం మధ్యంతర భృతి అందుతోంది. 27 అందుకుంటున్న మనిషికి 23.29 అన్న మాట కోతలాగే వినిపిస్తుంది. జనవరి 7న ముఖ్యమంత్రితో కూర్చున్న నాయకులు సరేనని బయటికి వచ్చారు. 17న జీవోలు వెలువడి, ఇంటద్దె భత్యం కూడా తగ్గిందని తేలాక ఆ నాయకులు తమ సభ్యులకు ముఖం చూపించలేకపోయారు. అంతకు ఏడాది ముందు తెలంగాణలో కథ వేరేగా నడిచింది. అక్కడి వేతన సవరణకు వేసిన బిస్వాల్ కమిషన్ 7.5 శాతం ఫిట్‌మెంట్ చాలందని 2021 జనవరిలో బయటపడగానే ఉద్యోగులు భగ్గుమన్నారు. మార్చి 22న శాసనసభలో 30 శాతం అని ప్రకటన రాగానే సంబరాలు చేసుకున్నారు. 7.5 విన్న చెవికి 30 వరం. 27 తింటున్న నోటికి 23.29 కోత.

పనిచోట బేరాల్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారు, ఏ మాట పని జరిపిస్తుంది, ఏది చెడగొడుతుంది అన్న ప్రశ్న మీద అరవై ఏళ్లకు పైగా పరిశోధన సాగుతోంది. మనస్తత్వ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం, కార్మిక సంబంధాలు, సంభాషణ విశ్లేషణ దేని దారిన అది వెతికింది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు గట్టిగా నిలబడేది ఒక్కటే కనిపిస్తుంది. బల్లకు అవతల కూర్చున్న మనిషి ఒంటరివాడు కాడు. లేచి వెళ్లాక ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబును అతని చేతికి అందించే మాటతోనే బేరం తెగుతుంది, తెగాక నిలబడుతుంది. ఈ సంగతిని లెక్కలోకి తీసుకున్న పరిశోధన మనకు అక్కరకొస్తుంది. తీసుకోనిది సగం దాకానే వస్తుంది.

అందరికీ బాగా తెలిసిన పరిశోధన మొదటి అంకె గురించి. ఎమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో చూపించింది ఏమిటంటే, సంబంధం లేని అంకె చెవిన పడినా మన అంచనా దాని వైపు జరుగుతుందని. ఒక చక్రం తిప్పించి, దాని మీద వచ్చిన అంకె చూపించి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతో చెప్పమంటే, పెద్ద అంకె చూసినవాళ్లు పెద్ద శాతం చెప్పారు. 2001లో ఆడమ్ గలిన్‌స్కీ, థామస్ ముస్‌వైలర్ దీన్ని బేరాలకు తెచ్చారు: ముందు అంకె చెప్పినవాడికే ఎక్కువ దక్కుతుందని తేల్చారు. 2013లో మాలియా మేసన్ బృందం ఇంకో ముక్క కలిపింది. రౌండ్ ఫిగర్ కన్నా కచ్చితంగా కనిపించే అంకె చెబితే, ఎదుటివాళ్లు ఇతను లెక్క వేసుకునే వచ్చాడని అనుకుంటారట.

ఈ ఫలితాలు నిజమే. కానీ వీటి మీద కట్టిన సలహా, 'ముందు నువ్వే అడుగు' అన్నది, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికి పెద్దగా పనికిరాదు. అక్కడ మొదటి అంకె అతని నోటి నుంచి రాకముందే వచ్చేసింది. దరఖాస్తులోనే కరెంట్ సీటీసీ గడి ఉంటుంది. పే స్లిప్పులు మూడు నెలలవి అడుగుతారు. ఆ తర్వాత మాట అంతా 'దాని మీద ఎంత హైక్' అన్న దారిలోనే నడుస్తుంది. మొదటి ఉద్యోగంలో తక్కువకు చేరినవాడు ప్రతి మెట్టు దగ్గరా ఆ తక్కువను మోసుకుపోతాడు. ఇది మాట నేర్పుతో తీరే సమస్య కాదని గ్రహించే కొన్ని చోట్ల చట్టం తెచ్చారు. మాసచూసెట్స్ 2016లో చట్టం చేసి 2018లో అమల్లో పెట్టింది. కాలిఫోర్నియాలో 2018 జనవరి 1 నుంచి పాత జీతం ఎంతని యజమాని అడగకూడదు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న తెలుగువాళ్లకు ఇంకో సాయం కూడా ఉంది. వీసా కోసం కంపెనీలు కార్మిక శాఖకు సమర్పించే దరఖాస్తుల్లో హోదా, ఊరు, జీతం ఉంటాయి, ఆ వివరాలను ఆ శాఖే ప్రచురిస్తుంది. ఫోన్ ఎత్తే ముందు అవి చూసుకుని కూర్చునే కుర్రాళ్లకు, చూసుకోని వాళ్లకు గొంతులోనే తేడా తెలుస్తుంది.

అసలు మాటలను మాటలుగా లెక్కపెట్టిన పరిశోధన చాలా తక్కువ. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇంగ్లండ్‌లో నీల్ రాకమ్, జాన్ కార్లైల్ చేసి 1978లో ప్రచురించినది. వాళ్లు 48 మందిని 102 సమావేశాల్లో దగ్గర కూర్చుని గమనించారు. అందరూ నిజంగా బేరాలాడేవాళ్లే. 17 మంది యూనియన్ ప్రతినిధులు, 12 మంది యాజమాన్యం తరఫువాళ్లు, 10 మంది కాంట్రాక్టుల బేరాలాడేవాళ్లు, మిగతావారు వేర్వేరు పనులవాళ్లు. వాళ్లను ఎంచుకున్న తీరే ఈ పని విలువ చెబుతుంది. మంచి బేరగాడని రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. గెలిచిన చరిత్ర ఉండాలి. దాంతో సరిపోదు, అతను కుదిర్చిన ఒప్పందాలు అమలుకు వచ్చేసరికి బెడిసికొట్టి ఉండకూడదు. మూడో షరతు పెట్టిన పరిశోధకులు చాలా అరుదు. సంతకాల దగ్గరే అందరూ ఆగిపోతారు.

ఆ నేర్పరులు, మామూలు బేరగాళ్లు ఎక్కడ తేడాగా మాట్లాడారు? తమ ప్రతిపాదనను తామే 'ఉదారమైనది', 'న్యాయమైనది' అని పొగుడుకునే మాటలను ఎదుటివాళ్లకు చిరాకు తెప్పించే మాటలుగా లెక్కేశారు. మామూలువాళ్లు గంటకు 10.8 సార్లు అన్నారు, నేర్పరులు 2.3 సార్లు. మన దగ్గర జరిగే ఏ చర్చనైనా తలచుకోండి. 'ఇంత కష్టకాలంలో కూడా మేం ఉదారంగా ఇస్తున్నాం' అన్న వాక్యం లేకుండా ఎన్ని ప్రకటనలు వచ్చాయి? ఆ మాట అన్నవాళ్లకు ఒక్క రూపాయి కలిసిరాదు. విన్నవాళ్లకు మాత్రం, దీన్ని ఒప్పుకుంటే మేం అత్యాశాపరులమని ఒప్పుకున్నట్టే అవుతుందన్న రోషం పుడుతుంది.

రెండోది కారణాల సంఖ్య. తమ మాటకు బలంగా మామూలువాళ్లు సగటున 3 కారణాలు చెప్పారు, నేర్పరులు 1.8. ఇది మొదట వింటే తప్పనిపిస్తుంది, కారణాలు ఎక్కువైతే వాదన గట్టిపడాలి కదా అని. జరిగేది వేరు. అప్రైజల్‌లో కూర్చుని ఒకమ్మాయి, 'పోయిన రిలీజ్ మొత్తం నేనే నడిపించాను' అని ఆగితే మేనేజర్ దానికే జవాబు చెప్పాలి. అదే నోటితో, 'ఇంటద్దె కూడా పెరిగింది సర్, మా తమ్ముడి ఫీజు కూడా కట్టాలి' అని కలిపితే, మేనేజర్ హాయిగా మొదటి కారణాన్ని వదిలేసి మూడోదాన్ని పట్టుకుంటాడు. 'ఫీజులు అందరికీ పెరిగాయమ్మా' అంటాడు. బలమైన మాట బలహీనమైన మాటతో పాటే కొట్టుకుపోతుంది. మనలో ఈ అలవాటు మరీ ఎక్కువ. హక్కుగా అడగడానికి మొహమాటపడి, అవసరం చెప్పుకుని అడుగుతాం. అవసరం చెప్పుకుంటే ఎదుటివాడికి జాలి కలగవచ్చు. కానీ అతను పైవాళ్లకు రాసే మెయిల్‌లో తమ్ముడి ఫీజు రాయలేడు. రిలీజ్ సంగతి రాయగలడు.

మూడోది ప్రశ్నలు. నేర్పరుల మాటల్లో 21.3 శాతం ప్రశ్నలే, మామూలువాళ్లలో 9.6. అర్థమైంది సరైందేనా అని సరిచూసుకోవడం, అప్పటిదాకా అనుకున్నది మళ్లీ చెప్పడం రెండూ కలిపి 17.2 శాతం, మామూలువాళ్లలో 8.3. పుస్తకాల్లో, సినిమాల్లో గొప్ప బేరగాడంటే మాటల తూటాలు పేల్చేవాడు. ఈ లెక్కల్లో కనిపించే మనిషి 'అంటే మీరు అనేది ఇదీ, అంతేనా అండీ?' అని అడుగుతూ కూర్చునే నెమ్మదస్తుడు.

ఇంతకన్నా లోతైనది ఇంకొకటుంది. 1962లో ఆన్ డగ్లస్ అనే అమెరికన్ పరిశోధకురాలు కార్మికులకు, యాజమాన్యాలకు మధ్య నిజంగా జరిగిన మధ్యవర్తిత్వ చర్చలను మాట పొల్లుపోకుండా ప్రచురించింది. ఆమె గమనించింది ఇది. చర్చల మొదట్లో రెండు పక్షాలూ సుదీర్ఘంగా, భీకరంగా ఉపన్యసిస్తాయి. ఒకరి మీద ఒకరు నిప్పులు చెరుగుతాయి, కానీ ఆ కోపం పక్షాల మధ్యదే తప్ప మనుషుల మధ్యది కాదు. తర్వాత దశలో గొంతులు మారతాయి. ఏ వాక్యం ఏ పక్షం అంటోందో విడదీసి చెప్పడం కష్టమవుతుంది. బ్రిటన్‌లో ఇయాన్ మోర్లీ, జెఫ్రీ స్టీఫెన్‌సన్ 1977లో దీన్ని పరీక్షకు పెట్టారు. చర్చల ప్రతుల్లో పేర్లు తీసేసి చదివిస్తే, తొలి భాగంలో ఏది యూనియన్ మాటో ఏది యాజమాన్యం మాటో చదివినవాళ్లు పోల్చుకోగలిగారు. పోనుపోను పోల్చుకోవడం కష్టమైంది.

మొదటి గంట అరుపులను చూసి చర్చలు చెడ్డాయనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ అరుపులు వెనక ఉన్నవాళ్ల కోసం. గేటు దగ్గర మీటింగ్‌లో చేతులెత్తి పంపిన వెయ్యి మంది తరఫున మాట్లాడటం అది. ఆ పని పూర్తిగా చేశాకే, ఇద్దరు మనుషులుగా సమస్యను ముందు పెట్టుకునే హక్కు నాయకుడికి వస్తుంది. ఆ తొలి ఘట్టాన్ని 'టైమ్ వేస్ట్, పాయింట్‌కి రండి' అని కత్తిరించే యాజమాన్యం తన కాళ్లకు తానే అడ్డం పడుతోంది.

దీనికి సిద్ధాంతం ఇచ్చినవాళ్లు రిచర్డ్ వాల్టన్, రాబర్ట్ మెకెర్సీ. 1965లో వచ్చిన వాళ్ల పుస్తకం ఈ రంగానికి పునాది. కార్మిక చర్చల్లో ఏకకాలంలో నాలుగు బేరాలు నడుస్తాయన్నారు వాళ్లు. ఉన్నదాన్ని పంచుకోవడం ఒకటి, ఇద్దరికీ లాభించే దారి వెతుక్కోవడం రెండోది, ఒకరి పట్ల ఒకరి వైఖరిని మలచుకోవడం మూడోది. నాలుగోది ప్రతి నాయకుడూ తన సొంత పక్షంతో ఆడే బేరం. మొదటి రెండింటి మీద వందల పరిశోధనలు వచ్చాయి. 1981లో రోజర్ ఫిషర్, విలియమ్ యూరీ రాసిన 'గెటింగ్ టు యెస్' రెండోదాన్ని ప్రపంచమంతా చదివేలా చేసింది: పట్టుదలల మీద కాదు, వాటి వెనక అవసరాల మీద మాట్లాడండి అని. నాలుగోది పాఠ్యపుస్తకాల్లో ఒక అధ్యాయంగా మిగిలిపోయింది. మన రెండు రాష్ట్రాల అనుభవంలో అసలు చర్చలు చెడింది, కుదిరింది ఆ నాలుగో చోటే.

2019 నాటి టీఎస్‌ఆర్టీసీ సమ్మె తీసుకోండి. అక్టోబర్ 5న మొదలై నవంబర్ 25 దాకా 52 రోజులు నడిచింది. దాదాపు 48,000 మంది కార్మికులు. మొదటి రోజే, గడువులోగా విధులకు రానివాళ్లు తమను తామే ఉద్యోగం నుంచి తొలగించుకున్నట్టు అని ప్రభుత్వం ప్రకటించింది. 'సెల్ఫ్ డిస్మిస్' అన్న మాట తెలంగాణ ఇంటింటికీ చేరింది. దాన్ని బేరపు మాటగా చూస్తే, ఎదుటివాళ్లతో ఇక మాట్లాడాల్సింది ఏమీ లేదన్న ప్రకటన అది. మాట్లాడమని హైకోర్టు పదేపదే చెప్పాక, అక్టోబర్ 26న ఎర్రమంజిల్‌లో అధికారులు, కార్మిక సంఘాల జేఏసీ నాయకులు కూర్చున్నారు. 26 డిమాండ్లలో ప్రభుత్వంలో విలీనం లాంటివి పక్కనపెట్టి 21 మీదే చర్చ అన్నారు అధికారులు. మొత్తం చర్చించాల్సిందేనన్నారు నాయకులు. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వలేదని బయటికి వచ్చాక నాయకులు చెప్పారు. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఫోన్ లేని నాయకుడు బయట ఉన్న తనవాళ్లను అడగలేడు, వాళ్లకు చెప్పలేడు. వాల్టన్, మెకెర్సీ చెప్పిన నాలుగో బేరాన్ని తలుపు దగ్గరే ఆపేయడం అది. ఆ సమావేశం తేలకుండానే ముగిసింది. డిసెంబర్ 1న ముఖ్యమంత్రి నాయకులను పక్కనపెట్టి, డిపోకు అయిదుగురు చొప్పున కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిచి, వాళ్లతో కలిసి భోజనం చేసి, వరాలు ప్రకటించారు. సమ్మె కాలపు జీతం కూడా అందులో ఉంది. డబ్బు ఇచ్చారు, యూనియన్‌కు మాత్రం చెప్పుకోవడానికి ఒక్క మాట మిగల్చలేదు. 2023 ఆగస్టులో, ఆ విలీనానికి శాసనసభలో బిల్లు ఆమోదం పొందింది. 52 రోజుల పాటు చర్చకే రాకూడదన్న అంశం అదే. ఆ సమ్మె రోజుల్లో పోయిన కార్మికుల ప్రాణాలను ఎవరు తెచ్చిస్తారు?

నాయకులను పక్కనపెట్టి నేరుగా ఇచ్చే ఈ పద్ధతికి అమెరికాలో ఒక పేరే ఉంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో లెముయెల్ బూల్‌వేర్ అనే అధికారి 1940ల చివర్లో మొదలుపెట్టిన విధానాన్ని ఆయన పేరుతోనే బూల్‌వేరిజం అంటారు. కంపెనీ ముందే అన్నీ పరిశీలించి, తనకు సరైనదనిపించిన ఒకే ప్రతిపాదన పెడుతుంది. ఉద్యోగులకు నేరుగా ప్రచారం చేస్తుంది. యూనియన్‌తో కూర్చుంటుంది కానీ కదలదు. ప్రతిపాదన చెడ్డదేమీ కాకపోవచ్చు. యూనియన్ వల్ల ఒక్క పైసా వచ్చిందని ఎవరూ అనుకోకూడదన్నదే పట్టుదల. ఇది సద్భావంతో చేసే చర్చ కాదని అక్కడి కార్మిక సంబంధాల బోర్డు 1964లో తేల్చింది, అప్పీలు కోర్టు 1969లో సమర్థించింది. అదే ఏడాది ఆ కంపెనీలో మొదలైన సమ్మె మూడు నెలలకు పైగా సాగింది.

2022 ఫిబ్రవరికి తిరిగి వెళితే తేడా కనిపిస్తుంది. జీవోలు రద్దు చేస్తేనే వస్తామని ముందు పట్టుబట్టిన సంఘాలు చివరకు మంత్రుల కమిటీతో కూర్చున్నాయి. 5వ తేదీకి ఒప్పందం కుదిరింది. ఫిట్‌మెంట్ అంగుళం కదల్లేదు. ఇంటద్దె భత్యం శ్లాబులు మారాయి, చెల్లించిన మధ్యంతర భృతిని రాబట్టబోమన్నారు, పీఆర్సీ మునుపటిలాగే అయిదేళ్లకు ఒకసారి అన్నారు. ఒక అంకె దగ్గర ముడిపడినప్పుడు పక్క అంశాలు విప్పడం తెలిసిన పద్ధతే. నాయకులు వెనక్కి వెళ్లి చదివి వినిపించడానికి ఒక జాబితా దొరికింది. అది అందరికీ సరిపోలేదు. ఫిట్‌మెంట్ కదలని ఒప్పందం మాకొద్దని ఉపాధ్యాయ సంఘాలు విడిపోయాయి. ఎదుటి పక్షంతో తెగిన బేరం సొంత పక్షంలో తెగకపోతే ఏమవుతుందో అందులో ఉంది.

సంతకం పెట్టినవాళ్ల వెనక ఇంకొందరు ఉంటారన్న ఎరుక మన చట్టానికి ఎప్పటినుంచో ఉంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద కన్సిలియేషన్ అధికారి సమక్షంలో కుదిరిన 12(3) ఒప్పందం ఆ సంస్థలో కార్మికులందరికీ వర్తించేది. రెండు పక్షాలే విడిగా రాసుకున్న 18(1) ఒప్పందం ఆ రెండింటికే. యూనియన్ ఆఫీసుల్లో ఈ నంబర్లు మనుషుల పేర్లలా నలుగుతాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌ను చర్చల యూనియన్‌గా గుర్తించమంటుంది. దీని మంచిచెడ్డలు వేరే వ్యాసం. ఇక్కడ నాకు ముఖ్యం ఒకటి: 51 దాటిన నాయకుడి గొంతు, మిగిలిన 49 శాతం మంది బయట ఎదురుచూస్తున్నప్పుడు, మరింత గట్టిగానే ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి దగ్గర పరిశోధన చాలా మలుపులు తిరిగింది. లిండా బాబ్‌కాక్ కార్నెగీ మెలన్‌లో మాస్టర్స్ పూర్తి చేసినవాళ్లను పరిశీలిస్తే, మొదటి జీతం మీద బేరమాడినవాళ్లు మగవాళ్లలో 57 శాతం, ఆడవాళ్లలో 7 శాతం. సారా లాషెవర్‌తో కలిసి ఆమె 2003లో రాసిన పుస్తకం తర్వాత, ఆడవాళ్లు అడగరన్న మాట నానుడైపోయింది. నాకు ఆ నానుడి నచ్చదు, పరిశోధన కూడా దాని వెంట నిలబడలేదు. హానా రైలీ బౌల్స్‌తో కలిసి 2007లో బాబ్‌కాకే చూపించింది: అడిగిన ఆడదాన్ని, అదే మాట అడిగిన మగవాడికన్నా ఎక్కువగా దూరం పెడతారని. 2018లో ఆర్ట్స్, గుడాల్, ఆస్వాల్డ్ ఆస్ట్రేలియా ఉద్యోగుల వివరాలు తీసి చూస్తే, ఆడవాళ్లూ మగవాళ్లంతే అడుగుతున్నారు, దక్కేది తక్కువ. ఇంకో ఫలితం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఎమిలీ అమనతుల్లా, మైకేల్ మోరిస్ 2010లో తేల్చింది ఏమిటంటే, తన కోసం కాక ఇంకొకరి కోసం అడిగేటప్పుడు ఆడవాళ్ల గొంతు మగవాళ్లకు ఏమాత్రం తీసిపోదని.

దీనికి గోదావరి డెల్టాలో ఏ పరిశోధనా అక్కర్లేదు. నాట్ల రోజుల్లో గుత్తకు దిగే ఆడకూలీల ముఠా పెద్ద, చేను గట్టు మీద రైతుతో మాట్లాడటం వింటే చాలు.

'ఏమ్మా, పోయినేడు ఇచ్చిందే ఇస్తాను, రేపు పొద్దున్నే దిగండి.'

'పోయినేటి రేటు పోయినేడే పోయిందండి. నిన్న ఎగువ చేలో ఎకరాకి అయిదొందలు ఎక్కువిచ్చారు.'

'వాళ్లది దూరం. నాది రోడ్డు పక్కనే కదా.'

'నాదేముంది బాబూ, మీ మాట కాదంటానా? మావోళ్లు పదిమంది ఉన్నారు. నేనొక్కదాన్నే ఒప్పుకునొస్తే రేపు నా మాట ఎవరింటారు?'

రైతు కాసేపు కాలవ వైపు చూస్తాడు. 'సరే, మూడొందలు. టీ, టిఫిను నాది.'

'టీ, టిఫిను అందరూ ఇస్తారండి. ఆటో కూడా పెట్టండి, ఆరింటికల్లా చేలో ఉంటాం.'

అడగడం రాని మనిషి కనిపిస్తోందా ఇందులో? థామస్ షెల్లింగ్ 1960లో 'ది స్ట్రాటజీ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అనే పుస్తకంలో చెప్పిన సూత్రం, నా చేతులు కట్టేసి ఉన్నాయని చూపించగలిగినవాడికే బేరంలో బలం అన్నది, ఆ గట్టు మీద నిలబడి ఉంది. ఆవిడ 'బాబూ' అంటూ మర్యాద తగ్గించలేదు, 'మావోళ్లు' అంటూ రేటూ తగ్గించలేదు. చివర్లో అడిగిన ఆటోకు బదులుగా ఆరింటి హామీ ఇచ్చింది. అదను తప్పితే నష్టపోయే రైతుకు, ఇంట్లో చెప్పుకోవడానికి ఆ హామీ బాగా పనికొస్తుంది. ఈవిడ కూతురే నగరంలో ఆఫీసు గదిలో ఒంటరిగా కూర్చుని తన జీతం కోసం అడగాల్సి వచ్చినప్పుడు తడబడితే, లోపం ఆ పిల్ల గొంతులో వెతకకూడదు. ఆమె వెనక 'మావోళ్లు' లేకుండా చేసిన ఏర్పాటులో వెతకాలి.

మిగతా పరిశోధన మీద త్వరగా కన్నేసి పోదాం. 2021లో జారెడ్ కర్హన్ బృందం, మూడు సెకన్లు, అంతకు పైగా సాగే మౌనం బేరగాళ్లను ఆలోచనలో పడేసి ఇద్దరికీ మేలు చేస్తుందని చూపించింది. ఫోన్‌లో హెచ్‌ఆర్ ఒక అంకె చెప్పి ఆగినప్పుడు ఆ మూడు సెకన్లు ఓర్చుకోవడం మనకు చాలా కష్టం, వెంటనే 'అదే అండీ, మీరు చూసి చెయ్యండి' అనేస్తాం. కర్హన్, అలెక్స్ పెంట్‌లాండ్ 2007లో, ఉద్యోగ బేరాల మొదటి అయిదు నిమిషాల గొంతు తీరునుబట్టే ఫలితాల తేడాలో 30 శాతం దాకా చెప్పొచ్చన్నారు. ఈమెయిల్ బేరాలకు ముందు ఒక చిన్న ఫోన్ మాట ఉంటే అవి బాగా సాగుతాయని 2002లో మైకేల్ మోరిస్ బృందం చెప్పింది. కోపం విషయంలో తేడాలున్నాయి: కోపగించుకుంటే ఎదుటివాళ్లు తగ్గుతారని 2004లో వాన్ క్లీఫ్ బృందం తేల్చింది, ఆసియా మూలాలున్నవాళ్లతో అది పెద్దగా పనిచేయదని 2010లో హయో ఆడమ్ బృందం చూపించింది.

ఈ ప్రయోగాల్లో చాలావాటికి ఒకే లోపం. బేరమాడేది విద్యార్థులు, ఆట ముగియగానే ఇంటికి పోతారు. వాళ్లకు వెనక యూనియన్ లేదు, పైన ఫైనాన్స్ విభాగం లేదు, సోమవారం మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు. అందుకే రాకమ్, డగ్లస్ పని పాతదైనా దాని పక్కన ఇవి పలచగా కనిపిస్తాయి.

ఒంటరిగా అడిగే ఉద్యోగికి కూడా ఆ పాత పనే ఎక్కువ చెబుతుంది. 'మీ ప్రొఫైల్‌కి ఇదే మ్యాక్స్ అండీ, బడ్జెట్ లేదు' అనే హెచ్‌ఆర్ మనిషి చాలాసార్లు అబద్ధం చెప్పడం లేదు. ఆమె చేతిలో ఉన్న జీతపు బ్యాండ్ అంతే. దాటాలంటే ఎవరికో రాయాలి. 'నాకింకా కావాలి' అని మళ్లీ మళ్లీ అంటే ఆమె రాయలేదు. 'బ్యాండ్ దాటాలంటే ఎవరు ఒప్పుకోవాలి? వాళ్లకు ఏం చూపిస్తే మీకు సులువవుతుంది?' అని అడిగితే మాట దారి మారుతుంది. ఫిక్స్‌డ్ పెంచితే టీమ్‌లో మిగతావాళ్లతో పేచీ వస్తుంది కాబట్టి కుదరదంటుంది, జాయినింగ్ బోనస్ అయితే ఆ పేచీ ఉండదంటుంది. తొంభై రోజుల నోటీసును ముప్పైకి తగ్గించుకుని వస్తే, త్వరగా మనిషి కావాల్సిన ప్రాజెక్ట్ మేనేజర్ తనే పైకి రాస్తాడు. ఆ ఫోన్‌లో ఇద్దరూ కలిసి మూడో మనిషికి పంపే మెయిల్ తయారుచేస్తున్నట్టు ఉంటుంది. డగ్లస్ చూసిన రెండో దశ, ఏ మాట ఎవరిదో తెలియని దశ, ఇదే.

ఈ పరిశోధనంతా ఒకటి ముందే ఉందనుకుని మొదలవుతుంది: అవతల ఒక మనిషి కూర్చుని ఉన్నాడని. హైదరాబాద్ రోడ్ల మీద బండి మీద భోజనం, సరుకులు మోసే కుర్రాడికి అదే లేదు. ఆర్డర్‌కు ఎంత, కిలోమీటర్‌కు ఎంత, ఇన్సెంటివ్ ఏ శ్లాబు దాటితే వస్తుంది అన్నవన్నీ యాప్‌లో మారతాయి. పొద్దున్న తెరిస్తే కొత్త రేటు ఉంటుంది. ఎందుకు తగ్గిందని అడిగితే చాట్‌లో సిద్ధంగా పెట్టిన జవాబు వస్తుంది. ఐడీ బ్లాక్ అయితే అదే చాట్. ప్రశ్నలు అడగడానికి, మౌనంగా ఉండటానికి, 'అంటే మీరనేది ఇదేనా' అని సరిచూసుకోవడానికి అక్కడ ఎవరున్నారు? 2023లో రాజస్థాన్ దేశంలో మొదటిసారిగా ఈ కార్మికుల కోసం చట్టం చేసి, ప్రభుత్వం, కంపెనీలు, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే సంక్షేమ బోర్డును అందులో పెట్టింది. తెలంగాణలో ఈ కార్మికుల సంఘాలు రేటు గురించి ఎంత అడుగుతున్నాయో, కూర్చుని మాట్లాడే మనిషిని చూపించమనీ అంతే అడుగుతున్నాయి. వాళ్లు రేటు పెంచమని రోడ్డెక్కిన రోజున ఆ రెండో డిమాండ్‌ను కూడా మొదటి వరసలో రాయాలి. డబ్బు గురించిన మాట మొదలయ్యేది అక్కడే.